పి.పి.ఓ. రెండు భాగాల కథ: ఎ.జి. ముద్ర నుండి జీవన్ ప్రమాణ్ దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. ముప్ఫై ఏడేళ్ల సర్వీసులో నేను వ్రాసిందల్లా బిల్లుల మీద ఎర్రసిరా అభ్యంతరాలే. 1971లో ఎల్.డి.సి.గా చేరి, తెనాలి, బాపట్ల, రేపల్లె సబ్‌ట్రెజరీలలోనూ, జిల్లాలో మరికొన్ని చోట్లా పనిచేసి, 2008లో సీనియర్ అకౌంటెంటుగా రిటైరయ్యాను. అటువంటివాడికి చరిత్రతో ఏం పని అని మీరనవచ్చు. కాని మొన్న లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి నా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

ఎనభై దాటిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు, నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసినవారు, వేలిముద్ర వేయడానికి తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటరుకు వచ్చారు. కుడిచేతి వేళ్లు అయిదూ అయ్యాయి. ఎడమచేతి వేళ్లూ అయ్యాయి. యంత్రం ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. ఆయన నావైపు తిరిగి, "ఏమయ్యా, నేను బ్రతికే ఉన్నానని ఈ డబ్బా ఒప్పుకోవడం లేదు. నీ కౌంటరు దగ్గరైతే నా మొహం చూసి రిజిస్టరు ముందుకు తోసేవాడివి. మొహం కంటే ఈ వేలెక్కువా?" అన్నారు. అక్కడున్నవాళ్లందరూ నవ్వారు గాని, ఆయన కళ్లలో నీళ్లు నేను చూశాను. పెన్షను ఆగితే మందులు ఆగుతాయి గదా.

ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఎక్కడో దూరాన ఉన్న అధికారి ఇచ్చిన హక్కును ఇక్కడి కౌంటరులో కూర్చున్న గుమాస్తా ఎలా నమ్మాలి అన్నదే నా ఉద్యోగమంతా అని తోచింది. అదే నేటి కంప్యూటర్ల సమస్య కూడా. ఆ కథ నాకు తెలిసినంతవరకు చెబుతాను.

రాజుగారి ముద్ర

మన ప్రాంతంలో ఈ సమస్య పాతదే. వేంగి చాళుక్యులు ఏడో శతాబ్దం నుండి పదకొండో శతాబ్దం దాకా ఈ నేలనేలారు. వారు బ్రాహ్మణులకు, గుళ్లకు ఇచ్చిన దానాలను రాగిరేకుల మీద చెక్కించేవారు. ఆ రేకులన్నిటికీ ఒక చివర రంధ్రం పెట్టి, రాగి కడియానికి గుచ్చి, కడియం రెండు కొసలనూ ఒక ముద్రలో బిగించేవారు. ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు ఉండేవి.

ఇందులో రెండు తెలివితేటలున్నాయి. ముద్రను చూస్తే ఇచ్చినవాడెవడో తెలుస్తుంది. కడియం తెగకపోతే మధ్యలో ఎవరూ రేకు కలపలేదనీ, తీయలేదనీ తెలుస్తుంది. గ్రామంలో కరణానికి రాజుగారి మొహం తెలియనవసరం లేదు, ముద్ర తెలిస్తే చాలు.

ఇంకా వెనక్కి వెళితే, తెనాలి–రేపల్లె పాసింజరులో వెళ్లేవాళ్లందరికీ తెలిసిన భట్టిప్రోలు ఉన్నది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ రాతి పెట్టెలను, వాటిలో స్ఫటిక భరిణెను బయటికి తీశాడు. పెట్టెల మీద ఆ ధాతువులను భద్రపరచిన గోష్ఠి సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఒక్కడి మాట కాకుండా పదిమంది పేర్లు మూత మీద ఉంటే దానికొక బలం. మా ట్రెజరీ స్ట్రాంగ్‌రూముకు ఇద్దరి తాళాలు ఎందుకుండేవో, ఆ పేర్లూ అందుకేనని నాకనిపిస్తుంది. సబ్‌ట్రెజరీ ఆఫీసరు దగ్గర ఒక తాళంచెవి, షరాబు దగ్గర ఇంకొకటి. ఇద్దరూ కలిస్తే గాని ఇనుప తలుపు తెరుచుకోదు.

మాదిరి సంతకాల ఆల్బం

నేను చేరిన రోజున మా హెడ్ అకౌంటెంటు గారు నాకు చూపించిన మొదటి వస్తువు డబ్బు కాదు, మాదిరి సంతకాల ఆల్బం. తాలూకాలో బిల్లు డ్రా చేసే ప్రతి అధికారిదీ అందులో సంతకం ఉంటుంది. బిల్లు రాగానే ఆ సంతకాన్ని ఆల్బంలోని సంతకంతో పోల్చాలి. "నీకు తహసీల్దారు గారు బావమరిది అయినా సరే, ఆల్బం చూడకుండా ఇనీషియల్ వేయకు" అని ఆయన చెప్పారు.

అయితే ఆల్బంలోకి ఆ సంతకం ఎలా వచ్చింది? ఎవరో ఒక కొత్తాయన వచ్చి, నేను ఫలానా ఇన్‌స్పెక్టరునంటూ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే చెల్లదు. చార్జి అప్పగించిన పాత అధికారి గాని, పై అధికారి గాని, అంటే మా ఆల్బంలో ఇంతకుముందే సంతకం ఉన్నవారొకరు, "ఇది వారి సంతకమే" అని ధ్రువీకరించి పంపాలి. తెలిసినవాడు తెలియనివాణ్ణి పరిచయం చేయడమన్న మాట. ఈ గొలుసు ఎంత పొడుగైనా ఉండవచ్చు గాని, మధ్యలో ఒక్క లంకె తప్పితే మొత్తం తప్పుతుంది.

బిల్లు మొత్తానికి కూడా ఒక కాపలా ఉండేది. 499 రూపాయల బిల్లయితే దానికి అడ్డంగా ఎర్రసిరాతో "అండర్ రూపీస్ ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ" అని వ్రాసేవాళ్లం. తర్వాత ఎవడైనా ముందర ఒక అంకె చేర్చినా ప్రయోజనం లేదు. గుంటూరు జిల్లా ట్రెజరీ మా సబ్‌ట్రెజరీ మీద క్యాష్ ఆర్డరు ఇస్తే, ఆర్డరు పార్టీ చేతిలో వచ్చేది, దాని తాలూకు అడ్వైసు వేరుగా తపాలాలో వచ్చేది. రెండూ కలిస్తేనే చెల్లింపు. మోసగాడు ఒక దారిని కాచినా రెండో దారి మిగిలి ఉంటుంది.

రెండు భాగాల పుస్తకం

ఇక మన పి.పి.ఓ. సంగతి. దాన్ని మనమంతా పూజామందిరంలో దేవుడి పటం పక్కన దాచుకున్నవాళ్లమే. అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుండి పెన్షను మంజూరయినప్పుడు అది రెండు భాగాలుగా వచ్చేది. ఒకటి పెన్షనరు చేతికి, రెండోది చెల్లించే ట్రెజరీకి. ఫోటో, పుట్టుమచ్చలు, ఎత్తు, సంతకమో వేలిముద్రో అన్నీ ఉండేవి. ఎ.జి. ఆఫీసు అధికారుల మాదిరి సంతకాలు మా దగ్గర విడిగా ఉండేవి. వారి ప్రత్యేక ముద్ర గట్టిగా ఒత్తి ఉండేది, వేలు పెట్టి తడిమితే తెలిసేది.

హైదరాబాదులో మంజూరు చేసిన అధికారి రేపల్లె చూసి ఎరగడు. రేపల్లె గుమాస్తా ఆ అధికారిని చూసి ఎరగడు. పెన్షనరు ఇద్దరికీ కొత్త. అయినా ప్రతి నెలా డబ్బు చెల్లేది. ఈ ఏర్పాటంతా ఎవరో ఒకరి మంచితనం మీద కాక, పద్ధతి మీద నడిచేది.

అయితే పద్ధతి ఒక్కటే చాలదని నాకు 1977లో తెలిసింది. ఆ ఏడు నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమనే కాదు, రేపల్లె, బాపట్ల తీరాన్ని కూడా ఊడ్చిపెట్టింది. నేనప్పుడు రేపల్లెలో ఉన్నాను. ఆ తర్వాతి నెలలో నిజాంపట్నం వైపు నుంచి ఒకావిడ ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చింది. ఒంటి మీద ఎవరో ఇచ్చిన చీర. "బాబూ, పెట్టె పోయింది, పుస్తకం పోయింది, ఇల్లే పోయింది" అంది. పుస్తకం లేకుండా చెల్లించకూడదని రూలు. నేనా మాటే అన్నాను.

లోపల నుంచి మా ఆఫీసరు గారు విని, మన భాగం తీసుకురమ్మన్నారు. మా దగ్గరున్న భాగం పొడిగా, భద్రంగా ఉన్నది. ఫోటో చూశారు, ఎడమ చెక్కిలి మీద మచ్చ చూశారు, కొత్తగా వేలిముద్ర వేయించి పాతదానితో భూతద్దం పెట్టి పోల్చారు, వరుసలో నిలబడ్డ ఇద్దరు పెన్షనర్ల చేత సాక్షి సంతకాలు పెట్టించారు. "కాగితం కొట్టుకుపోయింది గాని మనిషి కొట్టుకుపోలేదు గదయ్యా" అన్నారు నాతో. ఆవిడకు ఆ రోజే డబ్బు ముట్టింది. తర్వాత రూలు ప్రకారం కొత్త భాగమూ వచ్చింది. రెండు భాగాలు ఎందుకు పెట్టారో నాకు ఆనాటికి గాని అర్థం కాలేదు.

నేను చేసిన తప్పు

ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటున్నది. ఆఫీసు పేరు, ఊరు పేరు వద్దు. ఒక అధికారికి బదిలీ అయింది. ఆయన చార్జి అప్పగించినట్లు వచ్చిన లెటరు నా టేబుల్ మీద తపాలా కట్టలో రెండు రోజులు ఉండిపోయింది. ఈలోగా ఆయన సంతకంతో ఒక కంటింజెంటు బిల్లు వచ్చింది. ఆల్బం తీసి పోల్చాను, అచ్చు గుద్దినట్లు సరిపోయింది. ఇనీషియల్ వేశాను. డబ్బు వెళ్లిపోయింది.

విచారణలో తేలిందేమంటే, సంతకం దొంగది కాదు, నిజంగా ఆయనదే. వెళ్లే హడావిడిలో ఖాళీ బిల్లు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్లారు. తర్వాత ఎవరో వాటిని నింపుకున్నారు. సంతకం అసలుదే గాని అధికారం అయిపోయింది. లెటరు రాగానే నేను ఆల్బంలో ఆ సంతకాన్ని కొట్టివేసి ఉంటే బిల్లు ఆగేది. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. మా ఆవిడకు చాలాకాలం చెప్పలేదు. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఇది: అధికారం ఇవ్వడానికి ఎంత జాగ్రత్త కావాలో, దాన్ని రద్దు చేసి ఆ సంగతి అందరికీ తెలియజేయడానికీ అంతే జాగ్రత్త కావాలి.

తంతి మీద వచ్చే డబ్బు

మన బిల్లుల చెల్లింపు స్టేట్ బ్యాంకులో జరిగేది గనుక అక్కడి పద్ధతులు కూడా కొంత చూశాను. 1955 జూలై 1కి ముందు అది ఇంపీరియల్ బ్యాంకు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తంతి ద్వారా డబ్బు పంపేటప్పుడు, దారిలో ఆ టెలిగ్రాము ఎందరి చేతుల మీదుగానో పోతుంది. అందుచేత వార్తతో పాటు ఒక రహస్య సంఖ్యను జతచేసేవారు. తారీఖు, మొత్తం మొదలైనవాటిని బట్టి రహస్య పట్టికలు చూసి ఆ సంఖ్య కట్టేవారు. అవతలి బ్రాంచిలో కూడా అదే లెక్క వేసి, సంఖ్య కలిస్తేనే డబ్బిచ్చేవారు. ఆ పట్టికల పుస్తకం బ్రాంచి పెద్ద కస్టడీలో ఉండేది.

ఇక్కడొక చిక్కున్నది. రెండు బ్రాంచీలకూ ఒకే రహస్యం ముందుగానే తెలిసి ఉండాలి. ఆ పుస్తకాన్ని ఎవరో మనిషి భద్రంగా మోసుకుపోవాలి. అది పోతే అందరి రహస్యమూ పోయినట్లే. వేల బ్రాంచీలున్నప్పుడు ఇది ఎంత కష్టమో ఊహించండి. టెలిగ్రామే మన దేశంలో 2013 జూలైలో ఆగిపోయింది గాని, ఆ చిక్కుకు విరుగుడు అంతకు చాలా ముందే దొరికింది.

హుండీ లెక్క

1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ఒక కొత్త ఆలోచన ప్రకటించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని లెక్కల్లో సాధించి చూపారు. మా మనవడు ఇంజనీరింగు చదివేటప్పుడు నాకు ఎన్నోసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. చివరికి బాపట్ల భావనారాయణస్వామి గుడిలో హుండీ ముందు నిలబడినప్పుడు తట్టింది.

హుండీలో కానుక ఎవరైనా వేయవచ్చు. తీయడం మాత్రం తాళంచెవి ఉన్నవారి వల్లనే అవుతుంది. అలాగే ప్రతివాడికీ రెండు సంఖ్యలుంటాయి. ఒకటి ఊరందరికీ చాటింది, అది హుండీ నోరు. రెండోది తన దగ్గరే దాచుకున్నది, అది తాళంచెవి. నాకు ఎవరైనా రహస్యం పంపాలంటే నా బహిరంగ సంఖ్యతో మూసి పంపుతారు. దారిలో ఎవరు పట్టుకున్నా తెరవలేరు, పంపినవాడే మళ్లీ తెరవలేడు. రహస్య పుస్తకాన్ని మోసుకుపోయే మనిషితో పనిలేదు.

దీని బలమంతా ఒక చిన్న సంగతిలో ఉన్నది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, లబ్ధాన్ని ఇచ్చి ఆ రెండూ ఏవో చెప్పమంటే మహా కష్టం. సంఖ్యలు వందల అంకెలంత పొడుగుంటే నేటి కంప్యూటర్లకు కూడా సాధ్యం కాదు.

ఇదే పద్ధతిని తిప్పి వాడితే సంతకం అవుతుంది. నా రహస్య సంఖ్యతో ముద్ర వేస్తాను, నా బహిరంగ సంఖ్యతో ఎవరైనా పరీక్షించుకోవచ్చు. పత్రం మొత్తాన్నీ ముందు ఒక చిన్న సంఖ్యగా కుదించి, దాని మీద ముద్ర వేస్తారు. పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఇది మన చాళుక్యుల కడియమూ, మన "అండర్ రూపీసూ" ఒకచోట చేరినట్లు.

మరి ఈ బహిరంగ సంఖ్య ఫలానావాడిదేనని ఎవరు చెప్పాలి? మళ్లీ ఆల్బం దగ్గరికే వచ్చాం! మన దేశంలో 2000లో సమాచార సాంకేతిక చట్టం చేశారు, ఆ ఏడు అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చింది. దాని కింద ఒక కంట్రోలరు, ఆయన కింద లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థలు ఏర్పడ్డాయి. కంట్రోలరు సంస్థను ధ్రువీకరిస్తాడు, సంస్థ అధికారిని ధ్రువీకరిస్తుంది, అధికారి పత్రం మీద ముద్ర వేస్తాడు. చార్జి ఇచ్చేవారు చార్జి పుచ్చుకునేవారి సంతకాన్ని ధ్రువీకరించిన గొలుసే ఇది.

మనం గర్వించవలసిన సంగతి ఏమంటే, బ్యాంకులకు ఈ పని చేసిన సంస్థ మన తెలుగు గడ్డ మీదే ఉన్నది. హైదరాబాదు మాసబ్ ట్యాంకు దగ్గర రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. అనే పరిశోధన సంస్థ అది. 1999లో బ్యాంకులన్నిటినీ కలిపే ఇన్ఫినెట్ అనే వ్యవస్థ అక్కడ మొదలైంది, 2002లో ఆ సంస్థకు ధ్రువీకరణ లైసెన్సు కూడా వచ్చింది. ఈ ధ్రువీకరణ సంస్థలు రద్దయిన సర్టిఫికెట్ల జాబితాను ఎప్పటికప్పుడు ప్రకటిస్తూ ఉండాలి. ఆ మాట చదివినప్పుడు నా ఆగిన ఇంక్రిమెంటు గుర్తుకు వచ్చింది.

సీలు కవరు, ఇత్తడి టోకెను

ఒక పెద్ద కార్యాలయంలో వేల కంప్యూటర్లున్నప్పుడు, ప్రతి తలుపు దగ్గరా రహస్యపు మాట చెప్పుకుంటూ పోతే ఎవడో ఒకడు వింటాడు. దీనికి అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయంవారు 1983లో ఎథీనా అనే పథకం మొదలుపెట్టి, అందులో కెర్బరోస్ అనే పద్ధతిని తయారుచేశారు. గ్రీకు పురాణంలో నరకద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరది. అంతకుముందు 1978లో నీడ్‌హామ్, ష్రోడర్ అనేవారు ప్రకటించిన పద్ధతి దానికి మూలం.

మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. పొద్దున ఆఫీసుకు రాగానే ఒక్కసారి హెడ్ గుమాస్తా దగ్గర నేనెవరో రుజువు చేసుకుంటాను. ఆయన నాకొక సీలు కవరిస్తాడు. లోపల "ఇతను ఫలానా, ఇన్ని గంటలదాకా చెల్లుతుంది" అని ఉంటుంది. కవరును నేను మోసుకుపోతాను గాని తెరవలేను, మార్చలేను. రికార్డు రూము అధికారి తన తాళంచెవితో తెరిచి చూసి నన్ను లోపలికి రానిస్తాడు. నా రహస్యపు మాట హెడ్ గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ చెప్పనవసరం లేదు.

కవరు మీద గడువు ఎందుకంటే, మొదటి పద్ధతిలో ఒక లోపం ఉన్నదని 1981లో డెనింగ్, సాకో అనేవారు చూపించారు. పాత కవరును దొంగిలించినవాడు దాన్ని మళ్లీ వాడుకోవచ్చు. అందుకని కాలాన్ని చేర్చారు. కంప్యూటర్ల గడియారాల మధ్య సాధారణంగా అయిదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే కెర్బరోస్ కవరును తిప్పిపంపేస్తుంది. మన బ్యాంకు చెక్కులకు కూడా గడువుంది గదా, అది 2012 ఏప్రిల్ 1 నుండి ఆరు నెలల బదులు మూడు నెలలయింది. మా కౌంటరులో ఇచ్చిన ఇత్తడి టోకెను కూడా అంతే. బిల్లు లోపల తిరుగుతుంటే పార్టీ చేతిలో టోకెను ఉండేది, చెల్లింపుతోనే అది వెనక్కి వచ్చేది. నిన్నటి టోకెను ఈరోజు చెల్లితే ట్రెజరీ మునిగినట్లే.

జీవన్ ప్రమాణ్

ఇప్పుడు మన విషయానికి వద్దాం. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌ను ప్రారంభించింది. వేలు యంత్రం మీద పెట్టగానే ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. మన వేలిముద్ర వివరం అక్కడికక్కడే ఒక తాత్కాలిక తాళంతో మూసివేయబడుతుంది. ఆ తాళంచెవిని ఆధార్ సంస్థ బహిరంగ సంఖ్యతో, అంటే వారి హుండీలో వేసి పంపుతారు. అక్కడ తెరిచి, పోల్చి, అవునా కాదా అని జవాబు చెబుతారు. అవునంటే మనకొక ప్రమాణ్ సంఖ్య ఫోనుకు వస్తుంది, సర్టిఫికెట్టును పెన్షను చెల్లించేవారు కంప్యూటరులోనే చూసుకుంటారు. వేలితోనే కాదు, కనుపాపతో కూడా చేయవచ్చు. 2021 నవంబరు నుండి ఫోను కెమెరాలో మొహం చూపించి కూడా చేయవచ్చు.

పి.పి.ఓ. రెండు భాగాలూ పోలేదు, రూపం మారింది. మన భాగం ఇప్పుడు మన వేలు, మన మొహం. రెండో భాగం ఎక్కడో కంప్యూటరులో ఉన్నది.

ఇందులో లాభం తక్కువేమీ కాదు. అమెరికాలో కొడుకు దగ్గరున్న పెన్షనరు పూర్వం ఎంత అవస్థపడేవాడో మనకు తెలుసు. మంచంపట్టినవారిని రిక్షాలో ట్రెజరీ మెట్ల దగ్గరికి తెచ్చిన రోజులు నేను మరచిపోలేదు. దొంగ సర్టిఫికెట్టుతో చనిపోయినవారి పెన్షను తినడం కూడా కష్టమైంది.

అయితే నష్టం కూడా చెప్పాలి. సంతకం పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను వెబ్‌సైటు నుంచి తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో వేలకొద్దీ సిమ్‌లు తెరిచాడని పోలీసులు పట్టుకున్నారు. తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి నమూనా బజారులో పడి ఉంటే ఏం లాభం?

మాస్టారి ప్రశ్నకు జవాబు

మాస్టారి విషయానికి వస్తే, ఆ సాయంత్రం వారింటికి వెళ్లి, వారి కోడలి ఫోనులో మొహం పద్ధతి ప్రయత్నించాం. రెండుసార్లు కాలేదు. కిటికీ వెలుతురు మొహాన పడేలా కుర్చీ జరిపి, కళ్లజోడు తీయించి మూడోసారి చేస్తే అయింది. ఆయన నవ్వి, "చివరికి మొహమే గెలిచిందన్న మాట" అన్నారు.

అవును మాస్టారూ, కాని మీ ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. యంత్రం అవునంటే సరే. కాదంటే? కాదన్నంత మాత్రాన మనిషి లేడని కాదు. నా కౌంటరులో నేను కాదన్నప్పుడు, లోపల గదిలో వినే ఆఫీసరు ఒకాయన ఉండేవారు. భూతద్దం తీసి, సాక్షులను పిలిచి, మనిషిని చూసి నిర్ణయించేవారు. ఎంత గొప్ప లెక్కతో కట్టిన వ్యవస్థకైనా అటువంటి ఒక గది ఉండాలి. జీవన్ ప్రమాణ్‌కు ఆధార్ ఐచ్ఛికమేనని 2021లో కేంద్రం ప్రకటించింది. అందుచేత యంత్రం ఒప్పుకోనివారికి మనిషి ద్వారా రుజువు చేసుకునే దారి ఎప్పటికీ మూయకూడదని మన సంఘం పట్టుబట్టాలని నా మనవి. రూలు తెలిసిన గుమాస్తాగానే ఈ మాట చెబుతున్నాను.

చివరగా సభ్యులకు నాలుగు మాటలు:

లైఫ్ సర్టిఫికెట్టు గడువు ఏడాదే. ప్రమాణ్ సంఖ్య వచ్చిందని ఊరుకోక, మన సర్టిఫికెట్టు అంగీకరించబడిందో లేదో తప్పక చూసుకోవాలి.

ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉన్నది. పనిలేనప్పుడు మూసి, పని ఉన్న రోజు తెరుచుకోవచ్చు. మనవల చేత చేయించుకోండి.

ట్రెజరీ నుంచి, పెన్షను ఆఫీసు నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి, పి.పి.ఓ. నంబరు చెప్పి మరీ ఓ.టి.పి. అడిగితే వెంటనే ఫోను పెట్టేయండి. ఓ.టి.పి. చెప్పడమంటే ఖాళీ బిల్లు ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వడమే. సంతకం మనదే అవుతుంది, నింపేది వాడు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

వరుసలో మీ పక్కన నిలబడ్డవారి యంత్రం కాదంటే, వారిని వదిలి రాకండి. ఉప్పెన తర్వాత ఆవిడ కోసం సాక్షి సంతకం పెట్టిన ఆ ఇద్దరు పెన్షనర్లు కూడా ఆ రోజు తమ డబ్బు తాము తీసుకుని పోవచ్చు. కాని నిలబడ్డారు.

ఇంతకంటే చెప్పవలసింది లేదు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దండి, అలవాటైనవాణ్ణే. సెలవు.